ఆస్తి హక్కూ ఆపద్ధర్మమూ

1904 నవంబరు 13వ తేదీన అమెరికా దేశంలో వెర్మాంట్ రాష్ట్రపు అంచున ఉన్న షాంప్లేన్ సరస్సు మీద ఒక చిన్న తెరచాప పడవ పోతున్నది. అందులో ఒక గృహస్థు, అతని భార్య, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. ఉన్నట్టుండి పెనుగాలి లేచింది. దాపున ఒక దీవి, దానికొక రేవుకట్ట కనిపించగా అతడు పడవను అక్కడికి చేర్చి కట్టివేసినాడు. ఆ దీవీ ఆ రేవూ ఒక ఆసామి సొంతం. వాటిని కనిపెట్టుకొని ఉండే అతని నౌకరు వచ్చి పడవ కట్టు విప్పివేసినాడు. గాలి పడవను విసరికొట్టింది. పడవ నాశనమయింది, సామాను నీటి పాలయింది, నలుగురూ గాయపడినారు. వ్యాజ్యపత్రంలో ఆ కుటుంబం వ్రాయించుకొన్న కథ ఇది.

పరుల పడవను తన కట్టకు ఉండనిచ్చే బాధ్యత తనకేమున్నదని దీవి స్వామి వాదించినాడు. 1908లో వెర్మాంట్ సుప్రీం కోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. ప్రాణం మీదికి వచ్చినవాడు పరుల నేల మీద అడుగు పెడితే అది అక్రమ ప్రవేశం కాదనీ, వానిని తిరిగి మృత్యువు నోటిలోనికి నెట్టినవాడే తప్పిదస్థుడనీ ఆ తీర్పు సారాంశం.

మరి రెండేండ్లకు, 1910లో, మిన్నెసోటా సుప్రీం కోర్టు ముందుకు దీనికి తోబుట్టువు వంటి వ్యాజ్యం వచ్చింది. 1905 నవంబరు 27న డులూత్ రేవులో ఒక స్టీమరు సరకు దింపుకొన్నది. అంతలో తుపాను కమ్మింది. ఓడను వదలితే కొట్టుకొనిపోతుంది. కనుక కెప్టెన్ దానిని కట్టకే బిగించి, త్రాళ్ళు ఒరసికొని తెగినకొద్దీ క్రొత్త త్రాళ్ళు వేయిస్తూ రాత్రి గడిపినాడు. ఓడ దక్కింది గాని దాని తాకిడికి కట్ట దెబ్బతిన్నది. కెప్టెన్ చేసిన పని వివేకమైనదేనని న్యాయస్థానం ఒప్పుకొన్నది. ఒప్పుకొంటూనే, పరుల కట్టను ఒడ్డి తన ఓడను కాపాడుకొన్నవాడు ఆ కట్ట ఖరీదు ఇచ్చుకోవలసినదే అని, జ్యూరీ విధించిన 500 డాలర్లను ఖాయపరచింది.

ఈ రెండు తీర్పులనూ చదివిన సామాన్యునకు ఇందులో వివాదమేమున్నదో తోచదు. ఆపదలో ఉన్నవాని కట్టు విప్పరాదు. ఆపద గడచినవాడు నష్టం ఇచ్చుకోవాలి. పల్లెలో పెద్దమనుషుల పంచాయితీ అయినా ఇంతకు భిన్నంగా చెప్పదు. కాని ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలో బలపడిన ఒక తత్త్వశాఖకు ఈ రేవుకట్ట కొరకరాని కొయ్య అయి కూర్చున్నది. లిబర్టేరియనిజం అని పేరున్న ఆ మతాన్ని తెలుగులో స్వేచ్ఛావాదమనవచ్చును. ఎవని దేహానికి వాడే స్వామి. న్యాయంగా సంపాదించిన సొత్తుకు సంపాదించినవాడే స్వామి. ఇతరుల దేహం మీద గాని సొత్తు మీద గాని ముందుగా చేయెత్తడం ఎవరికీ తగదు, ప్రభుత్వానికి కూడా తగదు. మూలసూత్రం ఇంతే. పన్ను కూడా బలవంతపు వసూలే అనేంతవరకు ఈ వాదులలో కొందరు పోయినారు.

ధనికుల పక్షపాతమని ఒక్క మాటతో ఈ మతాన్ని కొట్టివేయడం పరిపాటి. అది తొందరపాటు. అధికారి కన్ను పడిన పొలం, దొర కన్ను పడిన దొడ్డి నిలువని చోట, బీదవాని గుడిసెకు కూడా కోటగోడ అంతటి రక్ష కల్పించే సూత్రమిది. లోకంలో జరిగిన ఘోరాలలో పెక్కు, అందరి మేలు కోసమని చెప్పి కొందరి సొత్తునూ ప్రాణాన్నీ హరించినవే అన్న మాట కూడా అబద్ధం కాదు. చిక్కు సూత్రంలోని దుష్టత్వం వలన వచ్చినది కాదు. దాని నైశిత్యం వలన వచ్చినది.

ఈ వాదానికి మూలపురుషుడు ఇంగ్లండుకు చెందిన జాన్ లాక్. 1689లో వెలువడిన తన రాజ్యాంగ వ్యాసాలలో అతడు ఆస్తికి శ్రమను మూలంగా చూపినాడు. ఎవరిదీ కాని నేలను ఎవడు దున్ని సాగుచేస్తాడో వాని చెమట ఆ నేలలో కలుస్తుంది గనుక అది వానిదవుతుందట. మన పాఠకులకు ఇది వింత మాట కాదు. పొలం మోడులు కొట్టి చదును చేసినవానిదనీ, లేడి ముందుగా బాణం నాటినవానిదనీ మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో ఉన్నది. అక్కడ ఆ మాట వచ్చినది ఆస్తి చర్చలో కూడా కాదు, బిడ్డ ఎవనికి చెందుతాడనే చర్చలో దృష్టాంతంగా వచ్చింది. దృష్టాంతంగా పనికివచ్చినదంటే అప్పటికే అది నలుగురూ ఒప్పుకొన్న మాట అయి ఉండాలి.

అయితే లాక్ ఈ హక్కుకు రెండు కళ్ళేలు తగిలించినాడు. ఒకడు తీసుకొన్న తరువాత కూడా ఇతరులకు చాలినంత, అంతే మంచిది, మిగిలి ఉండాలి. తీసుకొన్నది కుళ్ళిపోనీయరాదు. అంతేకాదు. ఆకలితో చచ్చేవానికి ఉన్నవాని మిగులు మీద హక్కు కలదని, ఆ మిగులును అడ్డుపెట్టుకొని తోటివానిని దాసునిగా చేసుకోవడం అధర్మమని తన మొదటి వ్యాసంలోనే చెప్పినాడు. తరువాతివారిలో పలువురు లాక్ ఇచ్చిన గుర్రాన్ని ఎక్కినారు గాని కళ్ళేలను దొడ్డిలోనే వదలిపెట్టినారు.

వదలనివాడు రాబర్ట్ నోజిక్. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఇతడు 1974లో ప్రకటించిన అరాజకత, రాజ్యం, ఆదర్శలోకం అనే అర్థం వచ్చే గ్రంథం ఈ మతానికి పండితలోకంలో పీట వేసింది. శ్రమ కలిపితే సొత్తు అవుతుందన్న మాటను అతడు చమత్కారంగా ప్రశ్నించినాడు. ఒకడు తన డబ్బాలోని టొమాటో రసాన్ని సముద్రంలో పోసి కలియబెడితే సముద్రం వానిదవుతుందా, లేక వాని రసం పోయినట్లా? ఆస్తి హక్కును ఇంత గట్టిగా సమర్థించినవాడే, ఎడారిలో ఉన్న ఒకే ఒక నీటిగుంటను ఆక్రమించి ఇష్టం వచ్చిన వెల అడిగే హక్కు ఎవరికీ లేదన్నాడు. ఓడ పగిలి కొట్టుకొని వచ్చినవానిని, దీవి నాది, దిగిపొమ్మనే హక్కు దీవి స్వామికి లేదన్నాడు. షాంప్లేన్ సరస్సులోని కుటుంబానికి ఇతడు ఆశ్రయం ఇస్తాడన్నమాట. కాని మహావిపత్తును తప్పించడానికి ఒకని హక్కును త్రొక్కవచ్చునా అనే మూల ప్రశ్న వచ్చేసరికి, దానిని ఒక అధోజ్ఞాపికలో ప్రస్తావించి, ఈ విషయం నుండి తప్పుకోగోరుతున్నానని సాగిపోయినాడు. అంతటి తార్కికుడు అడుగున చిన్న అక్షరాలలో దాటిపోయిన ప్రశ్న చిన్న ప్రశ్న కాదు.

తప్పుకోనివాడు మరొకడున్నాడు. ముర్రే రోత్‌బార్డ్ 1982లో స్వేచ్ఛకు సంబంధించిన నీతిశాస్త్రం వ్రాసినాడు. మునిగే ఓడ నుండి దింపిన చిన్న పడవలో ఎనిమిది చోట్లకు పదహారుగురు పోటీపడితే ఏమి చేయాలి? పడవ స్వామి చెప్పినట్లు చేయాలి, స్వామి అక్కడ లేకపోతే ముందు ఎక్కినవానిదే చోటు, వానిని నెట్టివేసినవాడు ఎంతటి అవసరంలో ఉన్నా హంతకుడే అని అతని తీర్పు. పైగా ఇటువంటి అరుదైన ఘట్టాలతో నీతిని పరీక్షించరాదని మందలింపు. అరుదైనవి అన్నంత మాత్రాన ప్రశ్న తప్పిపోతుందా? తుపానులు, కరవులు ప్రతి తరానికీ వస్తూనే ఉన్నవి.

ఈ మతస్థుల గోష్ఠులలో తరచు వినవచ్చే ఒక ఉదాహరణ కలదు. ఎత్తైన భవనంలో పై అంతస్తు నుండి జారినవాడొకడు క్రింది అంతస్తు కిటికీ ముందున్న జెండాకొయ్యను పట్టుకొని వ్రేలాడుతున్నాడు. ఆ ఇంటివాడు కిటికీ తెరచి, ఈ కొయ్య నాది, వదలుమంటున్నాడు. సూత్రం ప్రకారం వదలవలసినదే. వదలడం తప్పదన్నవారూ ఉన్నారు. కిటికీలోనికి ప్రాకి, విరిగినదానికి ఖరీదు ఇచ్చుకొంటే చాలునన్నవారూ ఉన్నారు. అర్థశాస్త్రవేత్త డేవిడ్ ఫ్రీడ్‌మన్ దీనిని మరింత బిగించినాడు. ఒక ఉన్మాది గుంపు మీద తుపాకి ఎక్కుపెట్టినాడు. వానిని ఆపడానికి దగ్గరలో ఉన్నది మరొకరి తుపాకి ఒక్కటే. దాని స్వామి మనుషులంటే గిట్టనివాడు, ముట్టవద్దంటున్నాడు. ముట్టవచ్చునా? ముట్టక తప్పదని, కనుక సూత్రాన్ని మినహాయింపు లేని శిలాశాసనంగా నిలపడం సాధ్యం కాదని ఫ్రీడ్‌మన్ నిర్ణయించినాడు. ఇతడు బయటినుండి వచ్చిన విమర్శకుడు కాడు. ప్రభుత్వమే అక్కరలేదనేంతటి స్వేచ్ఛావాది.

సొత్తును కాపాడుకోవడానికి ఎంత బలం చెల్లుతుందన్నది మరొక మెలిక. ఇక్కడ మటుకు రోత్‌బార్డ్ మెత్తబడినాడు. అంగడిలో బిళ్ళ ఎత్తుకొని పరుగెత్తే పిల్లవానిని అంగడివాడు కాల్చి చంపవచ్చుననే తీవ్రవాదులను ఖండించి, దండన దోషానికి తగినంతే ఉండాలన్నాడు. ఇంగ్లండులో 1828లో తీర్పు పొందిన ఒక వ్యాజ్యం ఈ సందర్భంలో స్మరణీయం. బ్రిస్టల్ దగ్గర ఒక ఆసామి ఖరీదైన ట్యూలిప్ పూలు పెంచుకొంటూ, దొంగల భయాన తోటలో తీగె తగిలితే దానంతట పేలే తుపాకిని అమర్చినాడు. హెచ్చరిక పలక పెట్టలేదు. పొరుగువారి నెమలి తప్పించుకొని ఆ తోటలో పడగా, దానిని పట్టి ఇద్దామని పందొమ్మిదేండ్ల కుర్రవాడొకడు గోడ దూకినాడు. తుపాకి పేలి అతని మోకాలు ఛిద్రమయింది. నష్టపరిహారం కుర్రవానికే దక్కింది. 1971లో అయోవా సుప్రీం కోర్టు అటువంటి తీర్పే ఇచ్చింది. ఈసారి పాడుపడిన ఇంటిలోనికి దూరినవాడు పాత సీసాల కోసం వచ్చిన నిజమైన దొంగ. అయినా పడకగది తలుపునకు కట్టిన తుపాకి అతని కాలు తీసివేసినంత పని చేసినందుకు జ్యూరీ విధించిన 30,000 డాలర్లు నిలిచినవి. స్వామి స్వయంగా అక్కడ ఉంటే చేయరానిది తుపాకి చేత చేయించరాదన్నది అక్కడి న్యాయం. తీగెకు కట్టిన తుపాకికి నెమలి కోసం వచ్చినవాడూ సీసాల కోసం వచ్చినవాడూ ఒక్కటే. మినహాయింపు లేని సూత్రానికి కూడా అంతే.

ఇంతవరకు అవసరమూ హక్కూ పోరాడినవి. కాని బలప్రయోగమంటే ఏమి అని ఎవరూ అడుగలేదు. అడిగినవాడు కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పిన రాబర్ట్ హేల్. 1923లో వ్రాసిన ఒక వ్యాసంలో అతడు చూపినది ఇది. ఆకలిగొన్నవాడు అన్నం తినరాదని ఏ చట్టమూ చెప్పదు. అయితే పరుల అన్నం ముట్టరాదని చెబుతుంది. ఉన్న అన్నమంతా పరులదే అయినప్పుడు ఈ రెండు మాటలకూ భేదమేమి? కంచె ఊరక నిలబడి ఉన్నట్లు కనిపిస్తుంది గాని, దాని వెనుక పోలీసువాని లాఠీ ఉన్నది. దాటినవాని వీపు మీద పడినప్పుడు దానిని రక్షణ అంటాము, దాటినవానిని దౌర్జన్యపరుడంటాము. పేర్లు మార్చితే కథ తారుమారవుతుంది.

దీనికి స్వేచ్ఛావాది జవాబు ఏమనగా, కంచె వేసినవాడు న్యాయమైన స్వామి గనుక అతడు చేసేది ఆత్మరక్షణ, దాటినవాడు చేసేది దౌర్జన్యం. జవాబు సబబుగానే ఉన్నది. కాని అప్పుడు, ముందుగా చేయెత్తరాదన్న సూత్రం స్వతంత్రంగా నిలువదు. నేల ఎవరిదో తేలితేనే గాని ముందుగా చేయెత్తినది ఎవరో తేలదు. భారమంతా స్వామ్యం ఎట్లు పుట్టిందన్న ప్రశ్న మీద పడుతుంది. హెర్బర్ట్ స్పెన్సర్ ఈ గండాన్ని ముందే చూసినాడు. భూమినంతా కొందరు సొంతం చేసుకోవడం న్యాయమైతే మిగిలినవారు ఈ భూగోళం మీద వారి దయ వలన నిలబడి ఉన్నవారే అవుతారని 1851లో వ్రాసినాడు. 1892లో ఆ గ్రంథాన్నే సంగ్రహించి ప్రకటించినప్పుడు ఆ అధ్యాయాన్ని తొలగించినాడు. హెన్రీ జార్జి ఆ సంవత్సరమే ఒక పుస్తకం వ్రాసి అతనిని ఎత్తిపొడిచినాడు.

ఈ ప్రశ్న తెలుగుదేశంలో అనుభవానికి వచ్చినంతగా వేరొకచోట వచ్చినదో లేదో. 1802లో మద్రాసు రాజధానిలో ప్రవేశపెట్టిన శాశ్వత పైసలా, రాజ్యానికి శిస్తు కట్టే పూచీ తీసుకొన్న జమీందారును భూమికి స్వామిగా నిలిపింది. అడవి కొట్టినవాడు, చెరువు త్రవ్వినవాడు వేరు. సనదు చేతబట్టినవాడు వేరు. లాక్ లెక్కనైనా మనువు లెక్కనైనా ఇది స్వామ్యం కానేరదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారులకు నష్టపరిహారం ఇచ్చి మరీ ఎస్టేట్లను తీసుకొన్నది. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఆస్తి హక్కుకు అంతటి కరకు సమర్థకుడైన రోత్‌బార్డ్, బలం వలననో రాజశాసనం వలననో పుట్టిన భూస్వామ్యం చెల్లదనీ, నేల దున్నేవానిదేననీ, పాత స్వామికి ఏమీ ఇవ్వనక్కరలేదనీ వాదించినాడు. ఆ మేరకు అతడు మద్రాసు శాసనసభ కంటె తీవ్రుడు.

ఆచార్య రంగా చరిత్రను ఈ వెలుగులో చూస్తే దానికొక పొందిక కనిపిస్తుంది. 1930 దశకంలో జమీందారుల మీద రైతుల పక్షాన పోరాడిన రంగా, 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయాన్ని తీర్మానించిన పిమ్మట ఆ పార్టీని విడిచి, రాజాజీ తదితరులతో కలిసి స్థాపించిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడైనాడు. నిన్న ఆస్తికి శత్రువు, నేడు ఆస్తికి మిత్రుడా అని పరిహసించినవారున్నారు. శ్రమ వలన వచ్చిన స్వామ్యమే స్వామ్యమని నమ్మినవానికి రెండు పోరాటాలూ ఒక్కటే. ఆ మాట వాదనలో ఇమిడినంత సులభంగా పొలంలో ఇమడదు. రైతు పొలంలో నాగలి పట్టినవాడు పెక్కుచోట్ల పాలేరు. తన సేవకుడు కోసిన పచ్చిక తనదే అవుతుందని లాక్ ఆ గ్రంథంలోనే, ఏ శంకా లేకుండా, వ్రాసుకొన్నాడు. సేవకుని చెమట యజమాని ఖాతాలో ఎట్లు జమపడిందో అతడు చెప్పలేదు. జమీందారు మీద రైతు ఎత్తిన ప్రశ్ననే పాలేరు రైతు మీద ఎత్తితే సమాధానం చెప్పవలసినవారు ఇప్పటికీ తడబడుతూనే ఉన్నారు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తప్పించి, చట్టం లేనిదే ఎవరి ఆస్తినీ తీయరాదన్న వట్టి శాసనహక్కుగా మిగిల్చింది. అందువలన ప్రశ్న తీరలేదు. హక్కు పలచబడినప్పుడు మొదట ఎగిరిపోయేది కొండవాని పోడు, బీదవాని సెంటు నేల అని గూడ చూడవలసి ఉన్నది.

మన వాఙ్మయంలో ఈ చర్చకు రెండు కొసలూ ఉన్నవి. మహాభారతం శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ ఒక కొస. లిఖితుడు అన్న ఆశ్రమానికి పోయి, అన్న లేని వేళ చెట్టు పండ్లు కోసి తిన్నాడు. అడుగక తిన్నది దొంగతనమే, రాజు వద్దకు పోయి దండన పొందుమన్నాడు శంఖుడు. సుద్యుమ్న మహారాజు మన్నిస్తానన్నా వినక లిఖితుడు చేతులు నరికించుకొన్నాడు. తరువాత బాహుదానదిలో మునిగి చేతులు తిరిగి పొందినాడు. ఇంతటి స్వామ్యశుద్ధిని రోత్‌బార్డ్ కూడా కోరడు.

ఆ పర్వంలోనే ఆపద్ధర్మ భాగంలో రెండవ కొస ఉన్నది. పన్నెండేండ్ల అనావృష్టిలో విశ్వామిత్రుడు ఆకలికి సోలి, ఒక చండాలుని గుడిసెలో కుక్క మాంసం చూసి, రాత్రివేళ ఎత్తుకొనిపోబోయినాడు. ఇంటివాడు మేల్కొన్నాడు. పిమ్మట నడచిన సంవాదం ప్రపంచంలో ఏ నీతిశాస్త్ర గ్రంథంలోనైనా పెట్టదగినది. బ్రతికితేనే ధర్మం చేయగలనంటాడు ఋషి. దీనిని నేను ఇవ్వనూలేను, నా అన్నాన్ని హరిస్తుంటే చూస్తూ ఊరకుండనూలేను అంటాడు ఆ ఇంటివాడు. భీష్ముడు విశ్వామిత్రుని తప్పు పట్టలేదు. ఆపదలో ప్రాణరక్షణే ప్రధానమని ధర్మరాజుకు చెప్పినాడు. ఋషి మాంసం తీసుకొనిపోయి, తినేముందు దేవతలకు అర్పించగా వాన కురిసింది.

కాని ఈ కథలో అన్నం పోగొట్టుకొన్నవాడు ఎవడు? ఆ పన్నెండేండ్ల కరవు వాని గుడిసెను విడిచిపెట్టినదా? ఆపద్ధర్మం పలికినవాడు తపోబలసంపన్నుడు. సొత్తు చెప్పుకొన్నవాడు ఊరి వెలుపలివాడు. స్వేచ్ఛావాదికి ఇక్కడ బలమైన పక్షమున్నది. అవసరమనే పేరు పెట్టి హక్కును దాటే అనుమతి ఒకసారి ఇచ్చినట్లయితే, దానిని వాడుకొనేవాడు ఎప్పుడూ షాంప్లేన్ సరస్సులోని పసిపిల్లలే కానక్కరలేదు. డులూత్‌లో వాడుకొన్నది స్టీమరు కంపెనీ. వ్యాజ్యం వేసి 500 డాలర్లు రాబట్టగలిగినవాడు ఆ కట్ట స్వామి కూడాను. గుడిసెవాడు విశ్వామిత్రుని మీద ఏ న్యాయస్థానంలో వ్యాజ్యం వేయగలడు? తీసుకొని తరువాత చెల్లించు అన్న మిన్నెసోటా న్యాయం, తత్త్వవేత్తల సూత్రాల కంటె సరసమైనదే. అయితే చెల్లించనివానిని నిలదీయగల చేవ సొత్తు పోయినవానికి ఉన్నచోటనే అది న్యాయంగా నిలుస్తుంది.

ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడున్నాడు. కురుదేశంలో పైరులు నాశనమై కరవు వచ్చినప్పుడు, ఏనుగులవాని ఊరిలో ఒకడు గుగ్గిళ్ళు తింటుంటే చేయిచాపి అడిగినాడు. వాని వద్ద ఉన్నవి అవే, అవీ ఎంగిలివి. అయినా పెట్టినాడు. తిన్న తరువాత అతడు నీరు కూడా ఇవ్వబోతే ఉషస్తి వద్దన్నాడు. గుగ్గిళ్ళు ఎంగిలి కావా అని అడిగినాడు ఇచ్చినవాడు. అవి తినకపోతే బ్రతికి ఉండేవాడను కాను, నీరు నాకు కావలసినచోట దొరుకుతుంది అన్నాడు ఉషస్తి. తినగా మిగిలిన గుగ్గిళ్ళు భార్యకు తెచ్చియిచ్చినాడు. ఆమె అప్పటికే భిక్షాన్నంతో ఆకలి తీర్చుకొన్నది గనుక, వాటిని దాచి మరునాటి ఉదయం మగనికి పెట్టింది.